గట్టి చెవికి కుట్టు: ఏ దిద్దు పెట్టాలి, ఎలా మాన్పుకోవాలి?

కాటుకపిట్ట అడిగారు:

ఎడమ చెవి పైఅంచుకి, హెలిక్స్ అంటారే అక్కడ, ఒక కుట్టు వేయించుకోవాలని ఉంది. ఉండేది విజయవాడ. తమ్మెలకి చిన్నప్పుడే కుట్టారు. బంగారంతో ఇబ్బంది లేదు గానీ, వన్ గ్రామ్ గోల్డ్ కమ్మలు పెడితే సాయంత్రానికి దురద, మర్నాటికి రసి. రోజూ స్కూటీ, హెల్మెట్. పడుకునేది రెండు వైపులా.

ఇంట్లో 22 క్యారెట్ల చిన్న మర దిద్దు ఉంది, అమ్మ దాన్నే పెట్టించమంటోంది. నాకేమో సన్నటి రింగు ఇష్టం. మాల్‌లో గన్ షాట్ అయితే అయిదు నిమిషాల పని అంటున్నారు. పియర్సింగ్ స్టూడియోలో సూదితో అయితే ఖర్చు బాగా ఎక్కువ. ఆ తేడా పెట్టడం అవసరమా? కుట్టాక పసుపు, కొబ్బరినూనె రాయొచ్చా? అసలు పూర్తిగా మానడానికి ఎన్నాళ్లు పడుతుంది?

సూదిమొన:

కాటుకపిట్ట గారూ, ముందు ఆ దురద సంగతి. అది నికెల్ పడకపోవడంలా ఉంది. ఇత్తడి, రాగి మీద బంగారు పూత వేసే నగల్లో చాలావాటికి పూత కింద నికెల్ పొర ఉంటుంది. పూత అరిగి చెమట తగిలితే అది చర్మంలోకి దిగుతుంది. తమ్మెకైతే కమ్మ తీసేస్తే మెల్లగా సర్దుకుంటుంది. గట్టి చెవి పచ్చి కుట్టులో అదే జరిగితే దిద్దు ఉంచలేరు, తీస్తే కుట్టు గంటల్లో పూడుకుపోవచ్చు. కాబట్టి మీకు మొదటి ఏడాది టైటానియమే.

టైటానియం అని నోటిమాటగా చెబితే సరిపోదు. బిల్లు మీదో ప్యాకెట్ మీదో ఏఎస్‌టీఎం ఎఫ్136 అని గానీ, ఐఎస్‌ఓ 5832-3 అని గానీ రాసి ఉండాలి. ఎముకలకి వేసే ఇంప్లాంట్లకి వాడే రకం అది. 'సర్జికల్ స్టీల్' అనే మాటకి కట్టుబాటు ఏమీ లేదు, ఎవరైనా దేని మీదైనా రాసుకోవచ్చు. మామూలుగా ఆ పేరుతో అమ్మే 316ఎల్ స్టీలులో నికెల్ 10 నుంచి 14 శాతం ఉంటుంది. బయటికి వదిలేది తక్కువే, చాలామందికి పడుతుంది కూడా. ముందే దురద పుట్టే ఒంటికి మాత్రం ఆ సాహసం వద్దు. అయస్కాంతంతో పరీక్షించి టైటానియం అని తేల్చేసేవాళ్లున్నారు, దాన్ని నమ్మకండి. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు నిజమే, కానీ 316ఎల్ కూడా అంటుకోదు. వెండి అసలే వద్దు. పచ్చి కుట్టులో నల్లబడి చర్మం మీద పోని మచ్చ వేస్తుంది.

ఇక ఆకారం. ముందు చిన్న పూసో రాయో, మధ్యలో నున్నటి కాడ, వెనక 4 మి.మీ. చదునైన బిళ్ల ఉండేది తీసుకోండి. ఫ్లాట్ బ్యాక్ లాబ్రెట్ అంటే ఇస్తారు. కాడ మందం 16 గేజ్, అంటే 1.2 మి.మీ. ఇంకా సన్నగా ఉంటే బాగుంటుందని 20 గేజ్, 0.8 మి.మీ. అడుగుతుంటారు. ఉడికిన గుడ్డుని దారంతో కోస్తాం చూడండి, సన్నటి కాడ మీద లాగుడు పడితే గట్టి చెవికి అదే గతి. మెల్లగా కోసుకుంటూ అంచు వైపు జరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం కాడ పొడవు. దీన్ని అడిగేవాళ్లే కనబడరు. కుట్టే ముందు చుక్క పెట్టిన చోట చెవి మందం కొలిచి, వాపుకి 2 మి.మీ. జాగా కలిపి కాడ ఎంచాలి. హెలిక్స్‌కి మామూలుగా 8 మి.మీ. వస్తుంది. మరీ పొట్టిదైతే మూడో రోజుకి వాపు పెరిగి వెనక బిళ్ల చర్మంలోకి దిగబడుతుంది. వెనక తడిమితే బిళ్ల అంచు చేతికి తగలకపోవడం దానికి గుర్తు. ఆ రోజే వెళ్లి పొడవు కాడ వేయించుకోవాలి.

వాపు తీశాక ఇబ్బంది తిరగబడుతుంది. అదే 8 మి.మీ. కాడ ఇప్పుడు లూజు. జుట్టు తగిలినా, తువ్వాలు తగిలినా వాలుతుంది. కుట్టు ఒక పక్కకి ఒరుసుకుని బొడిపె లేస్తుంది, కొన్నాళ్లకి కుట్టే వంకరగా మానుతుంది. అందుకే 6 నుంచి 8 వారాల మధ్య తిరిగి వెళ్లి 6 మి.మీ. కాడకి మార్పించుకోవాలి. మీరు మార్చుకోకండి, కుట్టినవాళ్ల చేతే చేయించండి. పైముక్క అదే ఉంచి కాడ ఒక్కటే మారుస్తారు. కుట్టు వేయించుకునే రోజే ఈ రెండో కాడ ఖర్చు కూడా అడిగి పెట్టుకోండి.

పైముక్క కాడకి ఎలా పట్టుకుంటుందో కూడా చూడండి. రెండు పద్ధతులు మంచివి. ఒకటి, మర కాడ లోపల ఉండేది. రెండోది అసలు మర లేనిది: పైముక్కకి సన్నటి పిన్ను ఉంటుంది, దాన్ని కొద్దిగా వంచి బోలు కాడలోకి నొక్కితే స్ప్రింగులా పట్టుకుంటుంది. ఊడదీయాలంటే వెనక బిళ్లని ఒక చేత్తో పట్టుకుని పైముక్కని నేరుగా లాగాలి, తిప్పకూడదు. వదులైతే పిన్ను వంపు ఇంకాస్త పెంచితే చాలు. కాడ పైన మర కోసి ఉన్నవి వద్దే వద్దు.

రింగు గురించి. కుట్టు నిటారుగా ఉండే సొరంగం, రింగు వంపు తిరిగిన తీగ. పచ్చిగా ఉన్నప్పుడు ఆ వంపు రెండు మూతుల దగ్గరా ఒత్తుతుంది. పైగా కదిలినప్పుడల్లా రింగు తిరిగి, బయట కట్టిన పక్కుని లోపలికి ఈడ్చుకెళుతుంది. కనీసం 6 నెలలు, వీలైతే 9 నెలలు ఆగండి. అప్పుడు 16 గేజ్ రింగు, లోపలి వ్యాసం 8 మి.మీ. చాలామందికి సరిపోతుంది. కుట్టు అంచుకి దూరంగా ఉంటే 10 పడుతుంది. రింగు కోరిక ముందే చెబితే కుట్టే చోటు, కోణం దానికి తగ్గట్టు పెడతారు.

గన్ సంగతి సూటిగా చెబుతాను: గట్టి చెవికి ఎప్పుడూ వద్దు. బోలు సూది పదునైన అంచుతో శుభ్రంగా కోసి దారి చేస్తుంది. గన్‌లో దిద్దు మొనే సూది. అది మొద్దు, స్ప్రింగు బలంతో గుద్ది దారి చేసుకుంటుంది. తమ్మె మెత్తటి కండ కాబట్టి ఓర్చుకుంటుంది. పైచెవిలో ఉండేది మృదులాస్థి, దానికి సొంత రక్తనాళాలు లేవు, మీద ఉన్న పల్చటి పొర నుంచే దానికి పోషణ. గుద్దినప్పుడు ఆ పొర నలుగుతుంది, విడిపోతుంది. ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ని ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో పెట్టలేరు, స్పిరిట్‌తో తుడిచి తర్వాతి చెవికి వాడతారు. దిద్దు పొడవు అందరికీ ఒకటే, వాపుకి జాగా ఉండదు. మీరడిగిన ఖర్చు తేడాలో సూది, ఆటోక్లేవ్, కొలతకి తగ్గ కాడ అన్నీ ఉన్నాయి. ఆ డబ్బు అక్కడే పెట్టండి.

స్టూడియోలో నాలుగు చూడండి. సూది ప్యాకెట్ మీ ముందే చింపాలి. దిద్దు కూడా ఆటోక్లేవ్ సంచిలోంచే రావాలి, ఆ సంచి మీద రంగు మారిన గుర్తు కనబడాలి. చుక్క పెట్టాక మిమ్మల్ని నిలబెట్టి అద్దంలో చూపించాలి. గ్లవ్స్ వేసుకున్నాక ఫోన్ ముట్టుకుంటే మళ్లీ మార్చాలి.

కుందనపు పని:

దిద్దు బంగారందైతే ఏమిటన్న ఒక్క విషయం నేను చెబుతాను. 22 క్యారెట్లంటే వెయ్యి పాళ్లలో 916 బంగారం, మిగతాది రాగి, వెండి, కాస్త జింకు. మెత్తటి లోహం. వాడిన దిద్దు కాడని భూతద్దం కింద పెడితే దున్నిన చేలా గీతలు కనిపిస్తాయి. మానిన చెవికి అదేమీ చేయదు. పచ్చి కుట్టులో ఆ గీతల్లో రసి ఎండి పక్కు కడుతుంది, కదిలినప్పుడల్లా కొత్త చర్మాన్ని చీరుతుంది.

అంతకన్నా పెద్ద ఇబ్బంది మర. మన మర దిద్దుల్లో చాలావాటికి కాడ పొడవునా మర కోసి ఉంటుంది. దాన్ని పచ్చి కుట్టులోంచి తోయడం అంటే రంపం లాగినట్టే. వెనక సీల చూడండి, బొడ్డులా గుండ్రంగా, లోపల బోలుగా ఉంటుంది. ఇంట్లో ఉన్న ఆ దిద్దు సీల విప్పి, గుండుసూది మొనతో లోపల ఒకసారి గీకండి. నల్లగా జిడ్డు ముద్ద వస్తుంది. నూనె, సబ్బు, చచ్చిన చర్మం కలిసి గట్టిపడిన మడ్డి అది. మానిన తమ్మెకి ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కాబట్టి ఎవరికీ పట్టదు. కొత్త కుట్టు వెనక అది చేరితే చీము పట్టడానికి ఎంతోసేపు పట్టదు.

కాబట్టి అమ్మగారి దిద్దు భద్రంగా దాచండి, ఏడాది తర్వాత దానికి రోజు వస్తుంది. చెవి పైఅంచు నగ మనకి కొత్త కూడా కాదు, పాత బావిలీలు అక్కడ పెట్టేవే.

అప్పుడు కొత్తగా చేయించాలనుకుంటే ఆచారి గారికి ఇలా చెప్పండి. బంగారం 18 క్యారెట్లు, అంటే 750. 22 కన్నా గట్టిది, కాడ వంగదు. కాడ మందం 1.2 మి.మీ., మీ కుట్టు దానికే అలవాటు పడి ఉంటుంది. చెవిలో ఉండే భాగం నున్నగా మెరుగు పెట్టాలి, మర చివరి 2 మి.మీ. మాత్రమే, అదీ సీలలోకి పూర్తిగా దిగిపోవాలి. సీల బొడ్డులా కాకుండా బిళ్లలా చదునుగా చేయించండి. ముందు పువ్వు 4 మి.మీ. దాటొద్దు. బంగారం టైటానియం కన్నా నాలుగింతలు బరువు: 4 మి.మీ. గట్టి బంగారు పూస ఒక్కటే అర గ్రాము పైన తూగుతుంది. పైఅంచుకి ఆ బరువు రోజంతా వేలాడితే కుట్టు సాగుతుంది. బోలు పూస గానీ, పల్చటి రేకు పువ్వు గానీ మేలు.

హాల్‌మార్క్ చూసి తీసుకుంటాం అంటారు. 2 గ్రాముల లోపు నగకి అది తప్పనిసరి కాదు, ఈ దిద్దులన్నీ ఆ లోపే. కాబట్టి బిల్లులో క్యారెట్, బరువు రాయించుకోండి. హాల్‌మార్క్ ఉన్నా అది బంగారం పాళ్లే చెబుతుంది, కలిపిన లోహం ఏమిటో చెప్పదు. తెల్ల బంగారంలో నికెల్ కలిపే రకం ఉంది, పల్లాడియం కలిపే రకమూ ఉంది. మీకు నికెల్ పడదు కాబట్టి అడిగి తీసుకోండి, లేదా పచ్చ బంగారంతోనే ఆగండి. కాడ్మియం అతుకుతో చేసిన పాత కేడీఎం నగలు కూడా ఈ పనికి వద్దు.

వార్డు సిస్టర్:

మానడం గురించి రాస్తున్నాను. తమ్మె 6 నుంచి 8 వారాలు. గట్టి చెవి 6 నెలల నుంచి ఏడాది. ఈ తేడాకి కారణం పైన రాశారు, మృదులాస్థికి రక్తం నేరుగా అందదు. కొత్త చర్మం రెండు మూతుల నుంచి లోపలికి పాకుతూ మధ్యలో కలుసుకోవాలి. 3 నెలలకి బయట చూస్తే మానిపోయినట్టే ఉంటుంది, లోపల మధ్యభాగం ఇంకా పచ్చి. సరిగ్గా ఆ సమయంలోనే దిద్దు మార్చేసి తిరిగి పుండు చేసుకుంటారు. దయచేసి ఆ తొందర పడకండి.

కడగడానికి కావాల్సింది ఒక్కటే, 0.9 శాతం స్టెరైల్ సెలైన్, అంటే క్రిములు లేని ఉప్పునీరు. మందుల షాపులో ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) అని అడగండి. 500 మి.లీ. సీసా వద్దు, ఒకసారి తెరిచాక స్టెరైల్ కాదు. 10 మి.లీ. ప్లాస్టిక్ ఆంప్యూళ్లు దొరికితే అవే మంచివి, పూటకొకటి విరిచి, మిగిలింది పారేయొచ్చు. దొరక్కపోతే 100 మి.లీ. సీసా, తెరిచాక 24 గంటలే. కాంటాక్ట్ లెన్స్ ద్రావణం, ముక్కు బిగిస్తే వేసే చుక్కలు ఈ పనికి వద్దు. ఇంట్లో కలిపే ఉప్పునీళ్లు రెండో దారి మాత్రమే. చేతితో వేసే ఉప్పు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది, చర్మం ఎండి పగులుతుంది. తప్పనిసరైతే మరగకాచి చల్లార్చిన 250 మి.లీ. నీళ్లకి చదునుగా తీసిన పావు టీస్పూను ఉప్పు, ఆ పూటకే.

పద్ధతి ఇది. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోండి. గాజుగుడ్డ ముక్కని సెలైన్‌తో తడిపి కుట్టు ముందు వైపు రెండు నిమిషాలు ఆనించి ఉంచండి, తర్వాత కొత్త ముక్కతో వెనక. పక్కు నానాక దానంతట అది వచ్చినంత తుడవండి, రానిది వదిలేయండి. ఎండు పక్కుని గోటితో గిల్లితే కింద కొత్త చర్మం కూడా లేచి వస్తుంది. దూది వాడకండి, దాని పోగులు కాడకి చుట్టుకుంటాయి. చివరగా పొడి గాజుగుడ్డతో అద్దండి. వెనక బిళ్ల కింద తేమ మిగలకూడదు. కోస్తా ఉక్కపోతలో ఇది ఇంకా ముఖ్యం, హెయిర్ డ్రయర్‌ని చల్లగాలి మీద పెట్టి అర నిమిషం చూపించినా చాలు. రోజుకి రెండుసార్లు, అంతే. నాలుగుసార్లు కడిగితే తొందరగా మానదు, ఒరుసుకుపోతుంది.

దిద్దు తిప్పొద్దు. తిప్పకపోతే అతుక్కుపోతుందని పెద్దవాళ్లు అంటారు. అప్పట్లో పెట్టేది బంగారు తీగ చుట్ట, దాంతోపాటు పుట్టిన మాట కావచ్చు. నున్నటి కాడకి చర్మం అతుక్కోదు. తిప్పితే లోపల కట్టిన పల్చటి పొర తెగుతుంది.

పసుపు, కొబ్బరినూనె, వేప పుల్ల, మూడూ వద్దు. పసుపు మంచిదే కానీ వంటింటి పసుపు స్టెరైల్ కాదు, పొడి కాడ చుట్టూ ముద్దలా గడ్డకడుతుంది. నూనె గాలి ఆడనివ్వదు. వేప పుల్ల పీచు లోపల విరిగి ఉండిపోతుంది. స్పిరిట్, డెట్టాల్, బెటాడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు, క్రిములతోపాటు పుట్టే చర్మ కణాలనీ చంపుతాయి. అన్నిటికన్నా ఎక్కువ చెడు చేసేవి, మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే మూడు నాలుగు మందులు కలిపిన క్రీములు. వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గించి, మానడాన్ని ఆపేస్తుంది.

మొదటి వారం కాస్త వాపు, ఎరుపు, సలుపు, తెల్లటి లేదా లేత పసుపు రసి, అది ఎండి పక్కు కట్టడం, ఇవన్నీ మామూలే. నెలల తరబడి అప్పుడప్పుడు పక్కు కడుతూనే ఉంటుంది. భయం అక్కర్లేదు.

భయపడాల్సింది వేరే ఉంది. పైచెవి మొత్తం ఎర్రబడి, వేడిగా, ఉబ్బి, ముట్టుకుంటే ఓర్చుకోలేని నొప్పి ఉండి, తమ్మె మాత్రం మామూలుగా ఉందంటే, అది మృదులాస్థి మీది పొరకి పట్టిన ఇన్‌ఫెక్షన్. తమ్మెలో మృదులాస్థి లేదు కాబట్టి అది తప్పించుకుంటుంది, ఆ గుర్తు బాగా పనికొస్తుంది. దీనికి ఎక్కువగా కారణం సూడోమోనాస్ అనే తేమలో పెరిగే క్రిమి. మామూలు గొంతునొప్పికి వాడే అమాక్సిసిలిన్ దాని మీద పని చేయదు. ఇంట్లో మిగిలిన మాత్రలు మింగి రెండు రోజులు చూద్దాం అనుకుంటే, ఆ రెండు రోజుల్లో పొర కింద చీము చేరి మృదులాస్థికి పోషణ తెగుతుంది. చచ్చిన మృదులాస్థి తిరిగి పెరగదు, చెవి ముడుచుకుపోతుంది. అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. దిద్దు మీరు తీసేయకండి, మూతులు మూసుకుంటే చీముకి దారి ఉండదు. తీయాలా వద్దా డాక్టరే చెబుతారు.

2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒకే చోట చెవి పైభాగం కుట్టించుకున్న పలువురికి ఇదే క్రిమి సోకింది. వెతికితే క్రిమిసంహారక మందు చల్లే సీసాలోనే అది పెరుగుతోంది. సీసాని మళ్లీ నింపి వాడడం వల్ల వచ్చిన తిప్పలు. స్టూడియోలో చల్లే సీసాలు కూడా గమనించమని ఇందుకే చెబుతాను.

చెరువు, నది, ఈతకొలను స్నానాలు కనీసం మూడు నెలలు మానండి. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. మునక వేయాలనుకునేవాళ్లు ఏడాది ముందే కుట్టించుకోండి, లేదా పుష్కరాలు అయ్యాక.

షుగర్ ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా ముందు డాక్టరుని అడగండి. టీటీ ఇంజెక్షన్ పదేళ్లలోపు పడిందో లేదో చూసుకోండి.

గోరింట చేతులు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది గన్ షాట్, హెలిక్స్‌కే, 3 నెలలైంది. వెనక వైపు మూతి పక్కన శనగగింజంత ఎర్రటి బొడిపె. నొక్కితే కొంచెం రసి వస్తుంది, వేడి లేదు. దిద్దు వెనక సీతాకోకచిలుక రెక్కల్లాంటి సీల. ఇది కీలాయిడేనా? దిద్దు తీసేయనా?

సూదిమొన:

మీరు చెప్పినదాన్ని బట్టి ఒరిపిడి బొడిపెలా ఉంది. మెత్తగా, ఎర్రగా, మూతిని అంటిపెట్టుకుని, రసి వస్తూ ఉండేది అదే. కారణం పోతే అదే పోతుంది. నొక్కడం ఇవాళే ఆపేయండి.

మీ విషయంలో కారణాలు రెండు కనిపిస్తున్నాయి. ఆ రెక్కల సీల చెవిని ముందూ వెనకా బిగించి పట్టుకుంటుంది, మడతల్లో మడ్డి చేరుతుంది. రెండోది, గన్ దిద్దు ఏ లోహమో తెలియదు. దిద్దు తీసేయకండి. సూదితో కుట్టే మంచివాళ్ల దగ్గరికి వెళ్లి 16 లేదా 18 గేజ్ టైటానియం ఫ్లాట్ బ్యాక్ వేయించుకోండి. గన్ దారి సన్నం కాబట్టి దాన్ని మెల్లగా వెడల్పు చేస్తూ వేస్తారు. బొడిపె ఉంది కాబట్టి కాడ కాస్త పొడవుది వేసి, అది తగ్గాక పొట్టిది చేస్తారు. కోణం చూడమనండి. కాడ చెవికి లంబంగా కాకుండా బాగా ఏటవాలుగా దిగి ఉంటే ఏ మందూ పని చేయదు, తీసేసి మానాక మళ్లీ కుట్టించుకోవడమే దారి. అంతా సరిగా ఉంటే 4 నుంచి 8 వారాల్లో బొడిపె కుంగుతుంది. టీ ట్రీ నూనె, ఆస్పిరిన్ ముద్ద అని వీడియోల్లో చూపించేవి రాయకండి, చర్మం కాలుతుంది.

వార్డు సిస్టర్:

కీలాయిడ్ వేరుగా ఉంటుంది. నెలల తర్వాత మొదలై, గట్టిగా, రబ్బరులా, నున్నగా మెరుస్తూ, కుట్టు హద్దు దాటి పెరుగుతుంది. దిద్దు తీసినా ఆగదు. అది చర్మవ్యాధుల డాక్టరు పని: స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఒత్తిడి క్లిప్పులు, అవసరమైతే కోయడం. కోసి ఊరుకుంటే మళ్లీ వస్తుంది.

కుట్టు వేయించుకోబోయే కాటుకపిట్ట గారు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఎడమ భుజం మీద పుట్టినప్పుడు వేసిన బీసీజీ మచ్చ చూసుకోండి. చదునుగానో చిన్న గుంటలాగో ఉంటే మంచిదే. అదే లావుగా ఉబ్బి, మొదటి మచ్చకన్నా పక్కలకి పాకి, అప్పుడప్పుడు దురద పెడుతుంటే మీ చర్మానికి కీలాయిడ్ స్వభావం ఉన్నట్టే. అమ్మానాన్నలకి, తోబుట్టువులకి ఉన్నా అంతే. అప్పుడు గట్టి చెవి జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి మాట.

డాలస్ పెరటిమొక్క:

బయటి దేశాల్లో ఉన్నవాళ్లు, ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్లు రెండు విషయాలు గమనించండి. జీ23 టైటానియం అని రాసి పది ముక్కల ప్యాకెట్ చవగ్గా అమ్ముతారు. గ్రేడ్ 23 అనేది మిశ్రమం పేరు మాత్రమే. ఎఫ్136 అంటే అదే మిశ్రమాన్ని ఇంప్లాంట్ ప్రమాణానికి తగ్గట్టు పరీక్షించి ఇచ్చినది. మిల్ సర్టిఫికెట్ (లోహం తయారుచేసినవాళ్లు ఇచ్చే పరీక్ష పత్రం) అడిగితే ఇవ్వలేనివాళ్ల దగ్గర పచ్చి కుట్టుకి కొనొద్దు. రెండోది కొలతలు. అమెరికాలో అంగుళాల్లో రాస్తారు: 5/16 అంటే 8 మి.మీ., 1/4 అంటే 6కి కాస్త పైన. ఇక్కడ కుట్టించుకుని ఇండియాలో కాడ మార్పించుకునేవాళ్లు గేజ్, పొడవు, మర ఉందా లేదా, ఈ మూడూ రాసుకుని వెళ్లండి. ఒక పద్ధతి పైముక్క ఇంకో పద్ధతి కాడకి పట్టదు.

కాటుకపిట్ట:

అందరికీ చాలా కృతజ్ఞతలండీ. బీసీజీ మచ్చ చదునుగానే ఉంది. అమ్మకి సీలలో మడ్డి చూపించాను, ఇక ఏమీ అనలేదు. రెండే మిగిలాయి: తలస్నానం, హెల్మెట్. రాత్రి పడుకోవడం కూడా కలిపితే మూడు.

సూదిమొన:

పడుకోవడం తేలిక. మెడకి పెట్టుకునే ప్రయాణపు దిండు కొనుక్కోండి, చెవి మధ్య ఖాళీలోకి వచ్చేలా తల పెట్టాలి. కనీసం మొదటి 3 నెలలు ఎడమ వైపు ఒత్తిడి పడకూడదు. గలీబు రెండు రోజులకోసారి మార్చండి. ఆ చెవికి ఫోన్ ఆనించకండి, మాస్కు పెట్టుకుంటే తల వెనక కట్టే రకం తీసుకోండి. రెండో చెవికి కూడా కుట్టించాలనుకుంటే ఇది మానాకే, లేకపోతే తిరిగి పడుకోవడానికి ఏ వైపూ మిగలదు.

తలస్నానానికి ముందు నూనె పెడితే చెవి చుట్టూ రెండంగుళాలు వదిలేయండి. తల ముందుకి వంచి పోసుకోండి, నురగ చెవి మీదుగా కాకుండా ముందుకి జారిపోతుంది. కుంకుడు రసం అయితే గుడ్డలో వడకట్టాలి, సన్నటి పిప్పి బిళ్ల కింద ఇరుక్కుంటుంది. చివర అర నిమిషం మంచినీళ్లు ధారగా కుట్టు మీద పోనిచ్చి, వెంటనే అద్ది ఆరబెట్టండి. తువ్వాలు తలకి చుట్టకండి, దాని పోగులే దిద్దుని లాగేది. తడి జుట్టు ఆ పక్క చెవి మీద పడకుండా క్లిప్పు పెట్టండి. జుట్టుకి రంగు, హెన్నా కనీసం 6 వారాలు ఆగాలి.

హెల్మెట్ మాత్రం కష్టమే, అయినా అది మానేయమని ఎవరూ చెప్పకూడదు. వీలైతే మొదటి రెండు వారాలు బస్సు, ఆటో చూసుకోండి, వాపు ఎక్కువగా ఉండేది అప్పుడే. తర్వాత పెట్టుకునేటప్పుడు రెండు పట్టీలనీ పక్కలకి బాగా లాగి పట్టి, నుదుటి మీద ముందు ఆనించి వెనక్కి దించండి. పైనుంచి నేరుగా దించితే లోపలి మెత్త చెవి పైఅంచుని కిందికి మడిచేస్తుంది. తీసేటప్పుడు అలాగే పట్టీలు వెడల్పుగా లాగి, వెనక భాగం ముందు లేపాలి. లోపల చెవి దగ్గర గుంట ఉన్న మోడల్ అయితే ఒత్తిడి పడదు, షాపులో పెట్టి చూసి కొనండి. చున్నీ హెల్మెట్ కింద చుట్టుకోకండి, విప్పేటప్పుడు దిద్దుకే తగులుతుంది. లోపలి మెత్త ఊడి వచ్చేదైతే వారానికోసారి ఉతికి ఎండబెట్టండి. ఇంటికి చేరాక వెనక బిళ్లని శుభ్రమైన చేత్తో ఒకసారి తడిమి చూడండి, అంచు వేలికి తగలాలి.